నలుగు వేరు, ఉప్పుతో రుద్దడం వేరు

ఒక మాట ముందే చెప్పేస్తాం. సముద్రపు ఉప్పును నూనెలో కలిపి, సీసాలో పోసి, దానికి స్క్రబ్ అని పేరు పెట్టి అమ్మేవాళ్ళ మీద మాకు పెద్ద కోపం లేదు. అమ్ముకునేవాడు అమ్ముకుంటాడు. మా కోపమంతా మన ఇళ్ళలో దాన్ని కొని తెచ్చి, ‘ఇదీ మన నలుగు లాంటిదే కదా, అవ్వల కాలంలో ఉన్నదే కదా’ అనే మాట మీద. ఈ రెండు మూడేళ్ళలో మన చుట్టాల పెళ్ళిళ్ళలో ఈ మాట ఎన్ని నోళ్ళలో విన్నామో లెక్క లేదు. బెంగళూరులో విన్నాం, హోసూరులో విన్నాం, డాలస్‌లో ఉండే మేనకోడలు ఫోన్లో అంటే విన్నాం. అది నలుగు కాదు. నలుగుకు దూరపు చుట్టం కూడా కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాం. చదివి ఏ వదినకైనా కోపం వస్తే రానీండి, మాట్లాడుకుందాం.

గాలి కబుర్లు చెప్పకూడదని ముందు వాడి చూసినాం. పెళ్ళికి వచ్చిన చుట్టాలు బహుమానంగా ఇచ్చిపోయిన సీసా ఒకటి ఇంట్లో ఉండింది. 200 గ్రాములు. అట్ట మీద వెల 650 రూపాయలు. లోపల ఏముందో చిన్న అక్షరాల్లో చదివితే మొదట సముద్రపు ఉప్పు, తర్వాత కొబ్బరి నూనె, బాదం నూనె, విటమిన్ ఇ, ఆపైన వాసనకు ఏదో. బర్గూరు అంగట్లో కల్లుప్పు కిలో 20, 25 రూపాయలకు వస్తుంది. (బర్గూరు అంటే ఈరోడ్ దిక్కు కొండల్లో, ఎద్దులకు పేరుపడిన బర్గూరు అనుకునేరు. అది వేరే. మాది కృష్ణగిరి దాటినాక మెయిన్ రోడ్డు మీది గుడ్డల అంగళ్ళ బర్గూరు.) చెన్నై సముద్రం చూడాలంటే ఇక్కడి నుంచి 200 కిలోమీటర్లు దాటి పోవాలి. అంత దూరం నుంచి వచ్చే ఉప్పును మన పెద్దోళ్ళు ఎట్లా చూసుకున్నారో తర్వాత చెప్తాం.

ఇంట్లో ముగ్గురు ఒప్పుకొన్నారు. కాలేజీకి పోయే పిల్ల, వంటింటి పని చూసుకునే కోడలు, మామిడి తోటలో చెప్పుల్లేకుండా తిరిగే చిన్నాయన. ఎడమ చేతికీ ఎడమ కాలికీ సీసాలోని ఉప్పు. కుడి వైపు ముందు నువ్వుల నూనె, ఆపైన ఇంటి సున్నిపిండి. వారానికి రెండు సార్లు, నాలుగు వారాలు. జనవరి నెల. ఇక్కడ చలికి పెదాలూ మోకాళ్ళూ పగిలే కాలం. నీళ్ళేమో బోరు నీళ్ళు, బకెట్ అంచున తెల్లగా సున్నం కట్టే నీళ్ళు. మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూమి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని హొగెనకల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పెద్ద పథకమే పెట్టినారు. అది తాగే నీళ్ళ సంగతి. స్నానానికి మాకు ఇంకా బోరే గతి. ఈ గట్టి నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు, ఒంటి మీద జిడ్డుగా పొర కట్టి చర్మాన్ని ఎండబెడుతుంది. కాబట్టి మేము మొదలుపెట్టిందే ఎండిన చర్మంతో. ఇది గుర్తు పెట్టుకోండి.

మొదటి రోజు ఉప్పే గెలిచింది. అబద్ధం ఎందుకు ఆడాలి? కడిగినాక ఎడమ చెయ్యి పట్టు గుడ్డ మాదిరి జారింది, మెరిసింది. కోడలు ‘ఇదేదో నిండా బాగుండాదే’ అనింది. సున్నిపిండి రాసిన చెయ్యి మామూలుగా, రవంత పసుపు పచ్చగా ఉండింది. ఆ మెరుపు ఉప్పుది కాదు, నూనెది అని మర్నాటికి తేలిపోయింది. రెండో వారానికి కాలేజీ పిల్ల మోకాలి కింద, దోమ కుట్టి గోకిన చోట్ల, ఉప్పు తగిలితే చురుక్కుమనడం మొదలైంది. నాలుగో వారానికి ఆ గోకిన చోట్లే చిన్న చిన్న నల్ల చుక్కలుగా నిలిచినాయి. కుడి కాలి మీద కూడా దోమలు కుట్టినాయి, అవి మామూలుగా మానిపోయినాయి. కోడలికి మోచేయి పైన చర్మం ఎర్రబడి, తెల్ల పొట్టు లేచింది. ఇంకొక సంగతి సీసా మీద ఎవరూ రాయరు. ఆ నూనె బచ్చలింటి నేల మీద పరుచుకుంటుంది. మా ఇంట్లో 80 దాటిన అవ్వ ఉంది. ఆమె ఆ నేల మీద కాలు పెట్టక ముందే ప్రతిసారీ సీకాయ పొడి చల్లి తోమాల్సి వచ్చింది.

చిన్నాయన మడమలకు మాత్రం ఉప్పు బ్రహ్మాండంగా పని చేసింది. ఏండ్ల తరబడి గట్టిపడిన తోలు మెత్తబడి, పగుళ్ళ అంచులు తగ్గినాయి. ఉప్పు నీళ్ళలో కాళ్ళు నానబెట్టి రాయితో తోముకోవడం ఆయనకు ముందే అలవాటు, ఈ సీసా దానికి రవంత నూనె చేర్చింది, అంతే. ముగ్గురి మీద ఒక నెల చేసింది శాస్త్రం కాదని మాకు తెలుసు. కానీ మేము చూసిన దానికి కారణం శాస్త్రంలో ఉంది, అది కష్టమైనదీ కాదు.

మన చర్మం పై భాగం, రక్తనాళాలు లేని భాగం, ఒంటి మీద చాలా చోట్ల ఒక కాగితం మందమే ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు. అందులో కూడా అన్నిటికంటే పైన ఉండే చచ్చిన పొర, అంటే స్క్రబ్‌లు తీసేస్తామని చెప్పేది, మిల్లీమీటరులో నూరో వంతో, రెండు నూరో వంతులో. ఇప్పుడు ఆ సీసాలోని ఉప్పు గింజను చూడండి. కంటికి కనబడుతుంది కదా? కంటికి పలుకుగా కనబడే గింజ ఆ మొత్తం కాగితం కంటే ఎన్నో రెట్లు లావు. ఉప్పు గింజ గుండ్రంగా ఉండదు, పాచికల మాదిరి మూలలు తేలి ఉంటుంది. నీళ్ళలో వేస్తే ఆ మూలలు కరిగి మొద్దుబారతాయి. నూనెలో కరగవు. ఒళ్ళు మెత్తగా ఉంటుందని వేసిన నూనే గింజ మూలల్ని కాపాడి పెడుతుందన్న మాట. అరికాలి తోలు మందం, దానికి ఈ గింజ సరిపోతుంది. చెంపకూ, మెడకూ సరిపోదు. చిన్నాయన మడమ గెలిచి, పిల్ల కాలు ఓడింది అందుకే.

ఆ చచ్చిన పొర కూడా చెత్త కాదు. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి మట్టీ సబ్బూ లోపలికి రాకుండా ఆపేది అదే. అడుగున కొత్త కణం పుట్టి పైకి వచ్చి రాలిపోవడానికి పడుచు వయసులో నాలుగు వారాల దాకా పడుతుంది. ఎవరూ తోమకపోయినా అది రాలుతూనే ఉంటుంది. తొందరపెట్టి తీసేస్తే కింద ఉన్నది ఇంకా తయారై ఉండదు.

మా చుట్టుపక్కల రాయిని కోసి నునుపు పట్టే ఫ్యాక్టరీలు నిండా ఉన్నాయి, ఈ సంగతి వాళ్ళను అడగండి. గ్రానైటు పలకకు మెరుపు రావాలంటే 50 నంబరు గరుకు బిళ్ళతో మొదలుపెట్టి, 100, 200, 400 అంటూ 3000 దాకా పోతారు. నీళ్ళు పోస్తూనే ఉంటారు. ముతక బిళ్ళతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తే రాయి మీద గీతలే మిగులుతాయి. సీసాలో ఉన్నది ఒక్క నంబరే, అదీ ముతకది. పైగా రాయికి నొప్పి లేదు, రాయి నల్లబడదు.

ఇక నలుగు సంగతికి వస్తాం.

నలుగుకు ముందు నూనె. ఇది మర్చిపోయినవాళ్ళే నలుగును స్క్రబ్ అంటారు. నువ్వుల నూనో, ఆముదం కలిపిన నూనో తల నుంచి కాలి దాకా పట్టించి, అర్ధగంట ఎండపొడలోనో పొయ్యి దగ్గరో కూర్చోబెట్టి, ఆ తర్వాత పిండి. పెసలూ శనగలూ కలిపి ఆడించిన పిండి నీళ్ళలోనో పాలలోనో కలిపి రాస్తే, అది ఒంటి మీది నూనెను పీల్చుకుంటుంది. పప్పు పిండికి రవంత నురగ గుణం కూడా ఉంటుంది. సగం ఆరుతుండగా అరచేత్తో తోస్తే పిండి, నూనె, ఒంటి మట్టి మూడూ కలిసి ఒత్తుల మాదిరి రాలిపడతాయి. ఇక్కడ పని చేసేది గరుకు కాదు, పీల్చే గుణం. నలుగు పుట్టింది నూనెను తీయడానికి. చర్మాన్ని తీయడానికి కాదు. నూనె లేకుండా పొడి పిండితో రుద్దేవాళ్ళు ‘సున్నిపిండి మాకు పడలేదు’ అంటారు. పడదు మరి. సగం పని ఎగ్గొట్టి మిగతా సగాన్ని తిడితే ఎట్లా?

వినాయక చవితి కథ మనం ప్రతి ఏడాదీ అక్షింతలు చేతిలో పట్టుకొని వింటాం. పార్వతమ్మ నలుగు పిండితో పిల్లవాణ్ణి చేసిందని అందులో ఉంది. పిండి ముద్దకు ఆ గుణం ఉంది, నూనె పీల్చుకొని ముద్ద కడుతుంది, బొమ్మ చేస్తే నిలుస్తుంది. ఉప్పు స్క్రబ్‌తో చేసి చూడండి, బొమ్మలో చిటికెన వేలు కూడా నిలబడదు. నవ్వులాటకు అన్నా, రెండు వస్తువులూ ఒకటి కావని దీనికంటే తేలిగ్గా ఎట్లా చెప్పాలో మాకు తెలియదు.

‘అయినా ఉప్పు ప్రకృతి ఇచ్చింది, కెమికల్ కాదు’ అనేది రెండో మాట. ప్రకృతి ఇచ్చింది దూలగొండి కూడా. ఒంటికి రాసుకుంటారా? సముద్రపు ఉప్పులో ఎన్నో ఖనిజాలు ఉన్నాయని అట్ట మీద రాస్తారు. ఉంటాయి, చిటికెడు. మనం కూరలో వేసుకునే సముద్రపు ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. రెండు నిమిషాలు రుద్ది కడిగేస్తే ఆ చిటికెడు చర్మంలోకి దూరి ఏ పనీ చేయదు. మృత సముద్రం పేరు చెప్పి కొందరు వాదిస్తారు. ఆ నీళ్ళలో మెగ్నీషియం ఎక్కువ, మన ఉప్పు వేరు ఆ ఉప్పు వేరు. సొరియాసిస్ ఉన్నవాళ్ళు అక్కడికి పోయి చేసేది నీళ్ళలో నానడం, గింజలతో తోముకోవడం కాదు.

మన పెద్దోళ్ళకు ఉప్పు తెలియదా? ఈ మిట్ట నేలకు ఒకప్పుడు ఉప్పు ఎద్దుల మీదా గాడిదల మీదా వచ్చేది. కొరచలు, ఎరుకలోళ్ళు, లంబాడీలు సముద్రపు ఒడ్డు నుంచి మోసుకొచ్చి ధాన్యానికి మార్చేవాళ్ళు. అంత విలువైనది కాబట్టి ఇంట్లో దానికొక చోటు ఉండేది. ఉప్పుతో దిష్టి తీసేవాళ్ళు, అంటే ఒంటి చుట్టూ తిప్పి పారేసేవాళ్ళు. గొంతు నొప్పికి నీళ్ళలో కరిగించి పుక్కిలించేవాళ్ళు. కాళ్ళు లాగితే వేడినీళ్ళలో వేసి నానబెట్టేవాళ్ళు. ప్రతి చోటా ఉప్పు కరిగినాకే ఒంటికి తగిలింది, లేదా తగలకుండా చుట్టూ తిరిగింది. గింజను పట్టుకొని చెంపకు రుద్దిన అవ్వను మేము ఎరగం. మన నాలుగు తరాల్లో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇంకొక ముచ్చట. మా హోసూరు పక్క తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1930లో తిరుచ్చి నుంచి వేదారణ్యం దాకా నడిచి పోయి ఉప్పు తీసి జైలుకు పోయినాడు. పేదోడి ఉప్పు మీద పన్ను ఉండకూడదని. ఇప్పుడు 5 రూపాయల ఉప్పు కూడా పట్టని సీసాకు మనమే సంతోషంగా 650 కట్టుకుంటున్నాం. తూత్తుక్కుడి, వేదారణ్యం ఉప్పు మళ్ళలో పని చేసేవాళ్ళ కాళ్ళు ఎప్పుడైనా చూసినారా? నెలల తరబడి ఉప్పు నీళ్ళలో నిలబడి పుండ్లు పడి, పగిలి, గట్టిపడిన కాళ్ళు. ఉప్పు చర్మానికి అంత మేలే చేస్తే దేశంలో అందరికంటే పట్టు లాంటి పాదాలు వాళ్ళవే అయి ఉండాలి.

ఇంత సేపూ చెప్పింది వస్తువు గురించి. అసలు మమ్మల్ని కూర్చోబెట్టి రాయించింది మాత్రం వేరే. ఈ సీసా మన ఇళ్ళలోకి ఎందుకు వస్తోంది? పాదాల పగుళ్ళకని ఎవరూ తేవడం లేదు. పిల్ల రంగు తేలాలని తెస్తున్నారు. ‘పై పొర పోతే లోపలి తెలుపు బయటపడుతుంది’ అనే నమ్మకం. ఈ మాట మాతో అన్నది చదువుకున్న మనిషే, బెంగళూరులో పెద్ద ఉద్యోగం కూడా.

లోపల తెలుపు ఏమీ లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలు పై చర్మం అట్టడుగు వరసలో కూర్చొని ఉంటాయి, అక్కడి నుంచి రంగును పైకి పంపుతూ ఉంటాయి. పైన ఎంత తోమినా అవి పంపేది ఆగదు. అక్కడి దాకా తోమితే దాన్ని గాయం అంటారు. గాయమైన చోట మన మాదిరి చామనఛాయ ఒళ్ళు ఏం చేస్తుంది? ఇంకా ఎక్కువ రంగును పంపుతుంది. మొటిమ గిల్లిన చోటా, దోమ కుట్టిన చోటా నెలల తరబడి నల్ల మచ్చ నిలిచేది అందుకే. పుండు పడకపోయినా, రోజూ రాపిడి తగిలితే చాలు నల్లబడడానికి. జపాన్‌లో నైలాన్ తువ్వాలుతో ఒళ్ళు గట్టిగా తోముకునేవాళ్ళకు మెడ ఎముకల మీదా, వీపు మీదా నల్లటి మరకలు రావడం చూసి అక్కడి డాక్టర్లు రాసిపెట్టినారు. మన దేశంలో కూడా పీచుతో, రాయితో రుద్దుకునేవాళ్ళలో ఇదే చూస్తారు. తెల్లబడాలని తోమేది, తోమినందుకు నల్లబడేది, నల్లబడిందని ఇంకా గట్టిగా తోమేది. ఈ గానుగ చుట్టూ మన ఆడపిల్లలు తిరుగుతున్నారు.

యూట్యూబ్‌లో దీనికి నిమ్మరసం కూడా పిండమంటారు. ఉప్పుతో గీరిన చర్మానికి నిమ్మరసం పూసి, ఇక్కడి ఎండలోకి పోతే ఏమవుతుందో తెలుసా? నిమ్మజాతి కాయల రసం ఎండతో కలిసి చర్మాన్ని కాల్చినట్టు కమిలిస్తుంది. పుండు మీద కారం చల్లడం అని ఊరికే అనలేదు.

నలుగు చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయని మేము చెప్పం. ఈ పాపం దానికీ అంటింది. పుట్టిన నెలలోపు పసిబిడ్డను కాళ్ళ మీద వేసుకొని, ఆడబిడ్డ అయితే ఇంకా ఎక్కువగా, ‘ఇప్పుడే తోమితే రంగు తిరుగుతుంది, నూగు రాలిపోతుంది’ అని పిండి ముద్దతో రుద్దిన చేతులు మన ఇళ్ళలోనే ఉన్నాయి. ఆ బిడ్డ ఏడుపును ‘ఒళ్ళు గట్టిపడుతుంది లే’ అని సర్దుకున్నాం. పసిబిడ్డ చర్మం పెద్దవాళ్ళ దానికంటే పలచన, పిల్లల డాక్టర్లు రుద్దొద్దని మొత్తుకుంటారు. నల్ల మనవరాలికి రెండు పూటలా, ఎర్ర మనవరాలికి పండగ నాడే నలుగు పెట్టే ఇల్లు ఏ ఊళ్ళో లేదు? 1975లో మార్కెట్టుకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ ఇన్ని దశాబ్దాలు మన అద్దాల ముందు కూర్చున్నది ఊరికే కాదు. 2020లో అది పేరు మార్చుకొనింది. మన ఇళ్ళలో పెళ్ళిచూపులప్పుడు అనే మాటలు పేరు కూడా మార్చుకోలేదు. కాబట్టి నలుగును వెనకేసుకు రావడమంటే ఆ రుద్దుడును వెనకేసుకు రావడం అని అనుకోవద్దు. నూనె తీసే పిండిగా అది మంచిది. రంగు తీసే పిండిగా అది కూడా అబద్ధమే.

ఇప్పుడు పెళ్ళిళ్ళు. ఇక్కడ మాకు చాలా బాధ ఉంది.

మన చుట్టాల్లో ఒక పిల్లకు పోయిన ఏడాది పెళ్ళయింది. ఏ ఊరో, ఎవరో అక్కర్లేదు. ముహూర్తానికి మూడు రోజుల ముందు స్నేహితురాళ్ళు కలిసి ఇంట్లో ఉప్పు స్క్రబ్‌తో ముఖం తోమినారు. మర్నాడు ఒక పార్లర్‌లో బ్లీచ్ పెట్టినారు. ఆ మర్నాడు హల్ది ఫంక్షన్ అని పచ్చ గుడ్డలు కట్టించి, పొట్లాల్లో కొన్న పసుపు చెంపలకు పూసి ఫోటోలు తీసినారు. పిల్ల మంట మంట అని ఏడుస్తుంటే ‘రవంత ఓర్చుకో, గ్లో వస్తుంది’ అన్నది మన పెద్దవాళ్ళే. పీటల మీద కూర్చున్నప్పుడు మేకప్ కింద చెంపలు ఉబ్బి ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత కూడా చెంప ఎముకల మీద గోధుమ రంగు మరకలు పోలేదు. చర్మం డాక్టరు ముందుగా చెప్పిన మందు ఏమిటో తెలుసా? ఏమీ రుద్దకుండా ఉండడం. ఎండకు పోతే సన్‌స్క్రీన్ రాసుకోవడం.

నలుగు అనేది ఒకరు ఇంకొకరికి చేసేది. తల్లి, మేనత్త, అక్క, అవ్వ. వాళ్ళ చేతికి ఎదుటి మనిషి ముఖం కనబడుతుంది. మంట అంటే చెయ్యి ఆగుతుంది, కనీసం ఆగాలి. పెళ్ళిలో అయితే కొత్త పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఒకరికొకరు నలుగు పెట్టుకునేది. అంతకు ముందు ముఖం ఎరగని ఇద్దరు మొదటిసారి నవ్వుతూ తాకేది అందులోనే. చుట్టూ అమ్మలక్కలు వెక్కిరిస్తూ పాడేది. మా పక్కింటి తమిళం వాళ్ళు దాన్నే నలంగు అంటారు. కొబ్బరికాయ దొర్లించుకొని, అప్పళాలు తల చుట్టూ తిప్పి విరగ్గొట్టి ఆడుకుంటారు. మాటా ఒకటే, ముచ్చటా ఒకటే. ఈ బర్గూరులో వాళ్ళ నలంగుకు మేము పోతాం, మా నలుగుకు వాళ్ళు వస్తారు, ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని పడలేదు. దాన్ని ఎత్తి అవతల పెట్టి, హిందీ పేరుతో ఒక పచ్చ ఫోటో కార్యక్రమాన్ని తెచ్చుకున్నాం. దానికి ముందు, తలుపు గడియ పెట్టుకొని ఒంటరిగా తోముకునే సీసాను తెచ్చుకున్నాం. ఈ రెండూ కలిపి ‘మన సాంప్రదాయం’ అని పిల్లలకు చెప్తున్నాం. ఊరు వదిలి వచ్చిన తెలుగోళ్ళకు మిగిలేది నాలుగు మాటలూ నాలుగు పనులే. అందులో ఒకదాన్ని ఇంత చులకనగా మార్చుకోవడానికి మాకు మనసు ఒప్పడం లేదు.

హల్ది పెట్టుకోవద్దని అనడం లేదు, పిల్లలకు సరదా. ముహూర్తానికి ముందు రెండు వారాలు పెళ్ళిపిల్ల ముఖానికి ఉప్పూ, బ్లీచూ, కొత్తగా కొన్న ఏ సీసా కూడా తగలనీయొద్దు. అంత మటుకు అడుగుతున్నాం. మా ఇంట్లో మాఘమాసంలో ఉన్న పెళ్ళికి ఈ నియమం పెట్టేసినాం. పిల్ల ఒప్పుకొంది, వాళ్ళమ్మే ఇంకా మూతి ముడుచుకొని ఉంది.

పిండి అడిగినవాళ్ళకు మా ఇంటి కొలత. పెసలు రెండు పాళ్ళు, శనగపప్పు ఒక పాలు, బియ్యం పిడికెడు, ఎండిన గులాబి రేకులు ఉన్నన్ని, కచ్చూరాలు రెండు మూడు ముక్కలు, వట్టివేరు కొంచెం, పసుపు కొమ్ములు రెండే రెండు. బావంచాలు వేయొద్దు. పాత పద్ధతిలో వేస్తారు, వాసన కూడా బాగుంటుంది. కానీ వాటిలో ఉండే సొరాలెన్ అనే పదార్థం చర్మానికి పట్టినాక ఎండ తగిలితే ఒళ్ళు కమిలి నల్లబడుతుంది, కొందరికి బొబ్బలు లేస్తాయి. బొల్లి వైద్యంలో వాటిని వాడేది ఆ గుణం కోసమే. బియ్యం ఎక్కువైతే పిండి గరుకవుతుంది, అప్పుడు మనం తిట్టిన ఉప్పుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. రెండు సార్లు ఆడించి సన్న గుడ్డలో జల్లించండి. మిల్లులో మిరపకాయలు ఆడించినాక మీ పిండి పోయనీయొద్దు. ముందు ఒక గంటెడు శనగపప్పు ఆడించి పారేసి ఆ తర్వాత పోయమనండి, మిల్లాయన గొణుక్కుంటే గొణుక్కోనీండి. అమెరికాలో ఉండేవాళ్ళు మిక్సీలో వేసి సన్న జల్లెడ పట్టుకోవచ్చు. అక్కడి చలికాలంలో నూనె రవంత ఎక్కువ, పిండి తక్కువ. ఒంటికి మంట, దురద ఏదైనా ఉంటే పిండి కూడా వద్దు.

ఆ సీసాలో ఇంకా సగం ఉంది. పారేయలేదు. పెరట్లో కాళ్ళు కడుక్కునే రాయి పక్కన పెట్టినాం, చిన్నాయన తోట నుంచి వచ్చి మడమలకు వాడుకుంటున్నాడు.

ఇంకొకటి. మీ ఇళ్ళలో అవ్వలకు నలుగు పాటలు గుర్తుంటే, వాళ్ళు ఓపికగా ఉన్న రోజు చూసి ఫోన్లో పట్టి పెట్టండి. మా ఇంట్లో రెండు పాటలే మిగిలినాయి, అందులో ఒకదాని చివరి చరణం అవ్వకు కూడా గుర్తు రావడం లేదు.